1924 మార్టిన్ 0-18: యాభై గ్రాములు దించిన మరమ్మతు

వాద్యం మార్టిన్ కంపెనీ గిటారు, సైజు 0, స్టైలు (అంటే కలప, అలంకరణల తరగతి) 18. సౌండ్‌హోల్‌లోకి చిన్న అద్దం దించి చూస్తే, నెక్‌ను పట్టి ఉంచే లోపలి దిమ్మ మీద 20 వేల పైచిలుకు వరస సంఖ్య ఉంది. కంపెనీ పట్టిక ప్రకారం అది 1924 నాటిది. మోడల్ పేరును కూడా దిమ్మ మీద ముద్రించడం 1930 చివర్లో గానీ మొదలుకాలేదు. అంతకు ముందు వాటిని పోల్చుకోవాలంటే ఒంటి గుర్తులే ఆధారం. ఇందులో పైపలక స్ప్రూస్, వెనక, పక్క పలకలు మహోగని. స్టైలు 18 గిటార్లు 1917 ప్రాంతంలో రోజ్‌వుడ్ వదిలి మహోగనికి మారాయి కనుక అది సరిపోయింది. ఫింగర్‌బోర్డు ఎబొనీ, అంచు పట్టీ రోజ్‌వుడ్, తల మధ్యలో గాళ్లు తీసిన పాత పద్ధతి, నెక్ ఒంటిని కలిసేచోటికి పన్నెండు ఫ్రెట్లు, అంటే ఫింగర్‌బోర్డు మీది అడ్డ లోహపు పట్టీలు. అన్నీ ఆ ఏటికి తగ్గవే. తగనిది ఒక్కటే, పైపలక మీద తీగలను పట్టి ఉంచే బ్రిడ్జి. దాని సంగతి తరువాత.

యజమాని పెన్సిల్వేనియాలో స్థిరపడిన తెలుగు డాక్టరు గారు, ఉద్యోగ విరమణ చేశారు. కాలేజీ రోజుల నుంచి గిటారు వాయిస్తున్నారు. భుజానికి ఆపరేషన్ అయ్యాక డ్రెడ్‌నాట్ అనే పెద్ద ఒంటి గిటారు మీదుగా చెయ్యి చాపలేక, ఒక పాత ఇంటి సామాన్ల అమ్మకంలో ఇది కనబడితే కొన్నారు. ఆయన ఫిర్యాదు రెండు ముక్కల్లో చెప్పారు: "బాబూ, తీగ నొక్కలేకపోతున్నాను. నొక్కినా మోగడం లేదు, మూలుగుతోంది."

మొదటిదాన్ని స్కేలుతో కొలవవచ్చు. పన్నెండో ఫ్రెట్ దగ్గర మందపు ఇ తీగ ఎత్తు 4.4 మిల్లీమీటర్లు ఉంది. నేను ఇలాంటి గిటారుకు 2.4 దగ్గర పెడతాను. బ్రిడ్జి మీద తీగలు ఆనుకునే సన్నటి పట్టీని, అంటే శాడిల్‌ను, ఎవరో ఇదివరకే అరగదీసి, ఒక మిల్లీమీటరు మాత్రమే పైకి మిగిల్చారు. ఇంక అరగదీయడానికి లేదు. రెండో ఫిర్యాదే అసలు సమస్య. పాత చిన్న గిటారును జనం వెతికి కొనేది ఆ మోత కోసమే.

"చిన్న" అన్న మాట విషయంలో కొంచెం ఆగాలి. ఈ గిటారు తయారైన నాడు దీన్ని ఎవరూ చిన్నదిగా చూడలేదు. మార్టిన్ సైజుల్లో అంకె తగ్గేకొద్దీ ఒళ్లు పెరుగుతుంది. 5 బాగా చిన్నది, 1 తరువాత 0, ఆపై 00, 1902 నుంచి 000. సైజు 0 పందొమ్మిదో శతాబ్దం నడుమ కచేరీకని చేసినది. ఇంటి ముందు గదిలో పాడుకునేవాళ్లు 2, 3 సైజులతో సరిపెట్టుకునేవారు. సైజు 0 గిటారు ఒంటి కింది వెడల్పు 13.5 అంగుళాలు. డ్రెడ్‌నాట్‌ది 15 అంగుళాల పైన అయిదు ఎనిమిదో వంతులు. డ్రెడ్‌నాట్‌ను మార్టిన్ కంపెనీ 1916లో డిట్సన్ అనే దుకాణం కోసం తయారుచేసింది, సొంత పేరుతో 1931లో గానీ అమ్మలేదు. అది వచ్చి, బాంజోలతోనూ ఫిడేళ్లతోనూ గొంతు కలిపేంత బిగ్గరగా మోగాక, పాత కచేరీ గిటార్లు పక్కన "చిన్నవి" అయిపోయాయి.

ఈ సైజు వేళ్లతో మీటేవారికి ఎందుకు నచ్చుతుందో చెప్పడం సులువే. పైపలక చిన్నది, పలుచనిది. దాన్ని కదిలించడానికి పెద్ద బలం అక్కర్లేదు. వేలు తగలగానే పలుకుతుంది. మంద్రం ఉబ్బిపోయి మిగతా తీగలను కప్పెయ్యదు. మైకు ముందు పెడితే పెద్దగా సర్దాల్సిన పని ఉండదు. పన్నెండో ఫ్రెట్ దగ్గరే ఒళ్లు మొదలవుతుంది కాబట్టి బ్రిడ్జి కింది భాగం నడిమధ్యకు జరుగుతుంది, పలక బాగా ఊగే చోటు అదే. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ మెంఫిస్ స్టూడియోలో గిబ్సన్ ఎల్-1 పట్టుకుని దిగిన ఫొటో, జానపద గాయని జోన్ బాయెజ్ చేతిలోని 1929 నాటి మార్టిన్ 0-45 చూసి చిన్న గిటార్ల మీద మోజు పడినవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ మరమ్మతు బల్ల దగ్గర కూర్చున్నవాడిగా నాకు అనిపించేది వేరు. ఈ గిటార్ల ఆకర్షణ అంతా బరువులేనితనంలో ఉంది, జబ్బులన్నీ కూడా అక్కడి నుంచే వస్తాయి. దాన్ని బలపరుస్తున్నామనుకుని చేసే ప్రతి మరమ్మతూ దాని గొంతును కొంచెం కొంచెం నొక్కేస్తుంది.

ఈ గిటారుకు జరిగింది సరిగ్గా అదే.

పరీక్షలో కనబడినవి ఇవి. తీగలు వదులు చేసి, లోపల దీపం పెట్టి, అద్దంతో బ్రిడ్జి కింద చూస్తే మార్టిన్ వాళ్ల చిన్న మేపుల్ పలక ఉండవలసిన చోట, దాని మీద అరచెయ్యంత రోజ్‌వుడ్ చెక్క అతికి ఉంది. దాని వెనక, పైపలకను లోపలి నుంచి మోసే ఎక్స్ ఆకారపు బద్దల (బ్రేసుల) రెండు కాళ్ల నడుమ, కర్మాగారంలో ఎన్నడూ లేని అడ్డబద్ద ఒకటి. పైన, 1924లో ఉండవలసిన పిరమిడ్ బ్రిడ్జి స్థానంలో వెనకవైపు పొట్ట ఉన్న వెడల్పాటి రోజ్‌వుడ్ బ్రిడ్జి. పిరమిడ్ బ్రిడ్జి అంటే రెండు చివరలా చిన్న గోపురాలు చెక్కిన సన్నటి ఎబొనీ పట్టీ. ఆరంగుళాల పొడవు, ఒక అంగుళం వెడల్పు ఉంటుంది. ఎక్స్ బ్రేసు ఒక కాలు కింది చివర దాదాపు ఆరు సెంటీమీటర్లు పలక నుంచి ఊడివచ్చింది. సన్న కాగితపు ముక్క అందులోకి జారింది. బ్రిడ్జి నుంచి తోకవైపు ఒక పగులు, ఫింగర్‌బోర్డు పక్కన మరొకటి.

కథ చదవడం కష్టం కాదు. ఎప్పుడో బ్రేసు ఊడింది, పలక బ్రిడ్జి వెనక ఉబ్బింది, తీగలు పైకి లేచాయి. అప్పటి మరమ్మతుదారు ఊడిన బ్రేసును చూడకుండా ఉబ్బును మాత్రమే చూశాడు. ఉబ్బు కనబడగానే చెక్క మీద చెక్క వేశాడు. తీగలు, వాటి కొసలను పట్టి ఉంచే పిన్నుల దగ్గర, బ్రిడ్జిని ముందుకు తిప్పుతూ ఉంటాయి కనుక వెనక కొద్దిగా పొట్ట, ముందు కొద్దిగా పల్లం ఉండటం ఈ గిటార్లలో ఆరోగ్యమే. దాన్ని బల్లపరుపుగా చేయాలని చూసిన చోటల్లా మోత పోతుంది.

అసలు ఆ పలక ఎంత బలానికి కట్టారన్నది రెండో ప్రశ్న. 1920ల ఆరంభం పేగు తీగల నుంచి ఉక్కు తీగలకు మారే కాలం. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శన తరువాత హవాయి సంగీతం అమెరికాను ఊపేసింది, దాని వెంట ఉక్కు తీగలకు గిరాకీ వచ్చింది. మార్టిన్ 1922లో 2-17 మోడల్‌ను ఉక్కు తీగలతో మామూలు సరుకుగా అమ్మడం మొదలుపెట్టి, ఒక్కో మోడల్‌నూ అటు మళ్లించింది. 1924 నాటి గిటారును చూసి "ఇది ఉక్కుకే కట్టినది" అని కళ్లు మూసుకుని చెప్పకూడదు, కొలవాలి. అయస్కాంతంతో మందం కొలిచే పరికరం పెడితే పైపలక 2.7 మిల్లీమీటర్లు. ఎక్స్ బ్రేసు వెడల్పు ఆరున్నర. ఉక్కును మోయగలదు, కానీ తేలికపాటి ఉక్కును. ఈ గిటారులో తీగ మోగే పొడవు 24.9 అంగుళాలు; దాని మీద 12–53 సెట్ (సన్న తీగ అంగుళంలో వెయ్యింట 12 వంతులు, మందపు తీగ 53) వేస్తే మొత్తం లాగుడు సుమారు 70 కిలోలు. పేగు తీగల లాగుడు అందులో సగానికి కాస్త పైన. మన గిటారు ఈ రెండింటి నడుమ ఎక్కడో నిలవాలి.

ఇక్కడ ఇంకో మనిషి ప్రవేశించాడు. డాక్టరు గారి స్నేహితుడొకరు పాత గిటార్లు సేకరిస్తారు. ఆయన ఫోనులో నాతో చాలాసేపు మాట్లాడారు. పిరమిడ్ బ్రిడ్జి తిరిగి పెట్టాలి, శాడిల్ గాడి పాతకాలం నాటిలా నిటారుగా ఉండాలి, వార్నిష్ మీద చెయ్యి పడకూడదు, వీలైతే ఉక్కు తీగలే వద్దు. డాక్టరు గారిది ఒకే కోరిక: "నేను వాయించుకోవాలి. నా తరువాత ఎవరు ఎంతకు అమ్ముకుంటారో నాకెందుకు?" సేకర్తకూ వాయించేవాడికీ పడదని అందరూ అంటారు. జాబితా రాసి చూస్తే వాళ్లిద్దరూ విడిపోయింది రెండే చోట్ల, శాడిల్ గాడి, తీగల సెట్. అతికించిన చెక్కలు తీసెయ్యాలన్నది ఇద్దరికీ కావాలి. వార్నిష్ జోలికి పోవద్దన్నదానికి డాక్టరు గారికి అభ్యంతరం లేదు. మొత్తం కొత్త పూత వేస్తే ధర దాదాపు సగానికి పడుతుందన్నది మా రంగంలో నడిచే లెక్క. దానికి తోడు మందపాటి పూత పలుచని పలక మీద దుప్పటిలా పడుతుంది.

శాడిల్ గాడి విషయంలో నేను డాక్టరు గారి పక్షం వహించాను. అసలు బ్రిడ్జి ఎప్పుడో పోయింది. నేను చేయబోయేది ఎలాగూ కొత్త చెక్క. అందులో గాడిని మందపు తీగవైపు రెండున్నర మిల్లీమీటర్లు వెనక్కి ఏటవాలుగా తీస్తే పాతదేమీ చెడదు, ఉక్కు తీగలు ఫ్రెట్ల మీద శ్రుతిలో నిలుస్తాయి. నిటారు గాడితో ఉక్కు తీగలు వేస్తే పై ఫ్రెట్లకు వెళ్లేకొద్దీ మందపు తీగలు హెచ్చు శ్రుతి పలుకుతాయి. వంద ఏళ్ల కిందటి లోపాన్ని చరిత్ర పేరుతో కొత్తగా చెక్కడం నాకు నచ్చలేదు. సేకర్త గారు ఒప్పుకోలేదు, అయినా ఊరుకున్నారు.

పని వరుసే ఈ కేసులో ముఖ్యం. తీగలు ఎత్తుగా ఉన్న పాత మార్టిన్ కనబడగానే చాలామంది నెక్ రీసెట్‌కు, అంటే నెక్ విప్పి కోణం మార్చి మళ్లీ అతికించే పనికి, దిగిపోతారు. ముందు పైపలక కుదుటపడాలి, ఆ తరువాతే నెక్ కోణం కొలవాలి. మొదటి రోజు కొలతల ప్రకారం ఫింగర్‌బోర్డు గీత బ్రిడ్జి దగ్గర ఆరు మిల్లీమీటర్లు పైకి లేవాలి. తీగ పన్నెండో ఫ్రెట్ దగ్గర రెండు మిల్లీమీటర్లు దిగాలంటే శాడిల్ దగ్గర నాలుగు కావాలి, శాడిల్ మళ్లీ మూడు మిల్లీమీటర్లు నిలబడాలంటే ఇంకో రెండు. అంత లేపాలంటే నెక్ ఒంటిని కలిసేచోటి మడమ కొస దగ్గర 1.6 మిల్లీమీటర్ల చెక్క తియ్యాలి. అప్పుడే ఆ పని చేసి ఉంటే, పలక కుదుటపడ్డాక తీగలు మరీ కిందికి పోయేవి.

కాబట్టి ముందు గిటారును 50 శాతం తేమ ఉన్న పెట్టెలో కొన్ని వారాలు ఉంచాను. ఈ దేశంలో చలికాలం ఇళ్లలో హీటర్లు నడుస్తాయి, గదిలో తేమ 20 శాతానికి పడిపోతుంది. పగుళ్లు అందుకే వస్తాయి. తేమ పట్టాక రెండు పగుళ్లూ వాటంతట అవే మూసుకున్నాయి. జంతు చర్మంతో చేసే జిగురు వెచ్చగా దించి, లోపల చిన్న స్ప్రూస్ పలకలు నారకు అడ్డంగా వేశాను, ఒక్కొక్కటి ఒకటిన్నర మిల్లీమీటరు మందం. అంతకంటే మందం వేస్తే నేనూ పాత మరమ్మతుదారు బాటలోనే పోతున్నట్టు.

రోజ్‌వుడ్ చెక్కను తీయడంలో చాలా ఓపిక ఖర్చయింది. అది తెల్ల జిగురుతో అంటించి ఉంది. ఎపాక్సీ అయితే పని నాలుగింతలు అయ్యేది. సౌండ్‌హోల్‌లోంచి వేడి చేసిన ఇత్తడి దిమ్మను కాసేపు ఆనించి, పలుచని వంగే కత్తిని నార వెంట నెమ్మదిగా తోయాలి. ఒక చివర లేచాక మిగతాది మాట వింటుంది. బయటికి వచ్చాక తూచితే 22 గ్రాములు. అడ్డబద్ద 11. కింద పాత మేపుల్ పలక చెక్కుచెదరలేదు. పిన్నుల రంధ్రాలు మాత్రం తీగల కొసల్లోని లోహపు గుండ్లు కొరికి విచ్చుకుపోయాయి. పలక మొత్తం మార్చకుండా, అరిగిన చోట ఒక్కొక్క రంధ్రానికి గుండ్రటి మేపుల్ బిళ్ల కూర్చి మళ్లీ తొలిచాను.

ఊడిన బ్రేసుకు కొత్త బలం ఏమీ అక్కర్లేదు. పాత జిగురును వేడి నీటితో కడిగి, కొత్త చర్మపు జిగురు పెట్టి బిగించడమే. ఈ జిగురు 60 డిగ్రీల వేడి దగ్గర కరుగుతుంది, ఆరితే గాజులా గట్టిపడుతుంది. వందేళ్ల తరువాత ఎవరైనా విప్పాలనుకుంటే విప్పవచ్చు. ఆ ఒక్క కారణంతోనే పాత గిటార్లకు వేరే జిగురు వాడను.

పొట్ట బ్రిడ్జి తీశాక కింద పిరమిడ్ బ్రిడ్జి ముద్ర స్పష్టంగా బయటపడింది, చుట్టూ ఉన్న కలపకంటే లేత రంగులో. దాని వెనక నెలవంక ఆకారంలో వార్నిష్ గీకేసిన మచ్చ. లోపలి అంచున దూదితో ఒక చుక్క స్పిరిట్ అద్ది చూస్తే పూత మెత్తబడింది, అంటే లక్కతో చేసిన షెల్లాక్. మార్టిన్ 1920ల రెండో సగంలో నైట్రోసెల్యులోజ్ లాకర్‌కు మారిందనేది తెలిసిన విషయమే. ఇది అంతకు ముందుది కాబట్టి షెల్లాకే ఉండాలి, ఉంది. ఝార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో సేకరించే లక్కే ఈ పనికి ఇప్పటికీ ప్రపంచమంతా వెళుతుంది. నా డబ్బాలో ఉన్నదీ అదే. మచ్చ మీద పలుచని పొరలు గుడ్డతో రుద్ది, మెరుపు పక్కనున్నదానికి సరితూగగానే ఆపేశాను. దగ్గరగా చూస్తే మచ్చ కనబడుతుంది. కనబడనీ. కొత్త ఎబొనీ బ్రిడ్జి 24 గ్రాములు, తీసేసిన రోజ్‌వుడ్ బ్రిడ్జి 40.

అప్పుడు మళ్లీ తీగలు కట్టి, పలకకు అలవాటు పడే సమయం ఇచ్చి కొలిచాను. ఆరు కావాలనుకున్నది నాలుగయింది. మడమ దగ్గర తియ్యవలసింది 1.6 నుంచి 1.1 మిల్లీమీటర్లకు తగ్గింది.

నెక్ విప్పడం గురించి ఒక్కటే చెప్పాలి, ఎందుకంటే అది 1934కు ముందటి మార్టిన్లకు ప్రత్యేకం. వీటిలో ఫ్రెట్లు ఇప్పటిలా టి ఆకారంలో ఉండవు. ముళ్లు లేని నలుచదరపు లోహపు పట్టీలను గాళ్లలో బిగిస్తారు. నెక్ లోపల సరిచేసుకునే రాడ్ లేదు, ఎబొనీ బద్ద మాత్రమే ఉంది. గిబ్సన్ ఆ రాడ్‌కు 1923లోనే పేటెంటు పొందినా, మార్టిన్ 1985 దాకా దాని జోలికి పోలేదు. అందువల్ల నెక్ నిటారుగా నిలవడంలో ఆ ఫ్రెట్ల బిగువు కూడా పనిచేస్తుంది. వాటిని తీసి సన్నవి పెడితే నెక్ ముందుకు వంగుతుంది, మందమైనవి పెడితే వెనక్కి పోతుంది. ఫ్రెట్లు మార్చమని డాక్టరు గారు మొదట అడిగారు. అరుగుదల తక్కువే, తీగలు వేశాక నెక్ వంపు అర మిల్లీమీటరు లోపే ఉంది. అందుకని ఒప్పుకోలేదు. ఆవిరి పంపడానికి పదమూడో ఫ్రెట్ ఒక్కటే, వేడి చేసి, ఎబొనీ పెళ్లలు లేవకుండా లాగాను. దాని గాడిలో సన్న రంధ్రం తొలిచి నెక్‌ను ఒంటికి బిగించే పావురం తోక ఆకారపు (డవ్‌టెయిల్) కీలులోకి ఆవిరి పంపితే కాసేపటికి నెక్ చేతిలోకి వచ్చింది. మడమ చెక్కి, కీలుకు పలుచని మహోగని పొరలు అతికించి, జిగురు లేకుండానే తీగలు కట్టి సరిచూసి, ఆపైన అంటించాను.

తీగల దగ్గర మళ్లీ చర్చ నడిచింది. డాక్టరు గారు 12–53 కావాలన్నారు. "సార్, అవి వేస్తే మొదట్లో మోత పెరిగినట్టే ఉంటుంది. కొన్నేళ్లకు మళ్లీ నా దగ్గరికి తీసుకొస్తారు," అన్నాను. రెండు సెట్లు కట్టి వినిపించాను, ఒకటి 10–47 కంచు, రెండోది పట్టు దారం చుట్టిన 11–47 ఉక్కు సెట్. రెండోదాని లాగుడు సుమారు 53 కిలోలే, 12–53తో పోలిస్తే నాలుగో వంతు తక్కువ. ఆయన రెండోదాన్నే ఎంచుకున్నారు. వేళ్లకు హాయిగా ఉందన్నారు. నా చెవికి కంచు సెట్ కొంచెం మెరుగు, ముఖ్యంగా సన్న తీగల్లో. ఆయన గిటారు, ఆయన వేళ్లు.

ఇచ్చిన నాటి కొలతలు: మందపు ఇ తీగ 2.4 మిల్లీమీటర్లు, సన్న ఇ 1.9, శాడిల్ బ్రిడ్జి మీద మూడు. మొత్తం బరువు 1.43 కిలోలు, వచ్చినప్పుడు 1.48. పోయిన 49 గ్రాములూ పైపలక నడుమ నుంచి పోయినవే కాబట్టి తేడా చెవికి తెలిసింది. ఇంతకు ముందు డి తీగ మీటితే ఒక టప్పుమనే మోతతో ఆరిపోయేది. ఇప్పుడు మంద్రం పెద్దగా పెరగలేదు గానీ ప్రతి స్వరానికీ నిలుపు వచ్చింది, మెల్లగా మీటినా పలుకుతోంది. గట్టిగా బాదితే మాత్రం ఇరుకుగా వినిపిస్తుంది. సైజు 0 నుంచి అంతకు మించి ఆశించకూడదు.

సేకర్త గారు వచ్చి చూసి, పాత మేపుల్ పలకకు సంతోషించి, ఏటవాలు గాడికి మొహం ముడిచి వెళ్లారు. తీసిన చెక్కలన్నీ, పాత బ్రిడ్జితో సహా, ఒక కవరులో వేసి పెట్టెలో పెట్టాను. రేపు కొనేవాడికి జరిగినదేమిటో తెలియాలి. అందులో ఉన్న అరిగిన శాడిల్ దంతం. ఇప్పుడున్నది ఎముకతో చేసినది. గిటారును ఒకసారి విజయవాడ తీసుకెళ్లి అన్నగారి పిల్లలకు చూపించాలని డాక్టరు గారికి ఉంది. వద్దన్నాను. ఏనుగు దంతమూ, అంచు పట్టీలోని బ్రెజిల్ రోజ్‌వుడ్డూ అంతర్జాతీయ వన్యజాతుల వ్యాపార ఒప్పందం మొదటి అనుబంధంలో ఉన్నాయి, ఆ రోజ్‌వుడ్ 1992 నుంచి. దంతాన్ని ఇంట్లో వదిలి వెళ్లవచ్చు, అంచు పట్టీని వదల్లేరు కదా. సరైన పత్రాలు లేకుండా సరిహద్దు దాటిస్తే జప్తు చేసే అధికారం సరిహద్దు అధికారులకు ఉంటుంది.

మొదటి చలికాలం గడిచాక మళ్లీ తెచ్చారు. పెట్టెలో తేమ పొట్లాలు పెడుతున్నారు, పగుళ్లు తెరుచుకోలేదు. మందపు ఇ తీగ ఎత్తు 2.5. అంత మార్పు ఉండాల్సిందే. మిగిలిన పని ఒక్కటే, ట్యూనర్లలో ఒకదాని గుండీ బీట వారింది. మూడేసి ఒకే పట్టీ మీద ఉండే పాత రకం అది. సరిపడే పాత గుండీ దొరికేదాకా దాన్ని అలాగే ఉంచుదామనుకున్నాం.